మూడో రంగు పక్కకి జరుగుతోంది: తప్పు మిషన్‌దా, నా చేతిదా?

ఖమ్మం టీషర్టు

అందరికీ నమస్తే. ఖమ్మంలో చిన్న షెడ్డు అద్దెకి తీసుకుని టీషర్టుల ప్రింటింగ్ పెట్టాను. అంతకుముందు రెండేళ్లు బల్లకి క్లాంపులు బిగించుకుని ఒక రంగు, మహా అయితే రెండు రంగులు కొట్టేవాణ్ణి. మే నెలలో తిరుప్పూరు వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో నాలుగు రంగులు, నాలుగు పాలెట్ల మాన్యువల్ మిషన్ కొన్నాను. పైన స్క్రీన్లు పట్టుకునే హెడ్లూ తిరుగుతాయి, కింద షర్టు తొడిగే పలకలు, అదే పాలెట్లూ తిరుగుతాయి. హెడ్ దిగినప్పుడు దాన్ని ఒకే చోట పట్టి ఉంచే గేట్లు పాలెట్ల చేతుల మీద ఉన్నాయి, వాటిలో కూర్చునే బేరింగులు హెడ్ల మీద ఉన్నాయి. అమ్మినాయన నా కళ్ల ముందే మూడు రంగులు కొట్టి చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత దాన్ని విప్పి, గోనెసంచుల్లో చుట్టి లారీలో వేశాం. ఇక్కడ నేనూ మా బావమరిదీ ఫోన్‌లో తీసుకున్న ఫోటోలు చూసుకుంటూ మళ్లీ బిగించాం. అంతా అయ్యాక రెండు వాషర్లు మిగిలాయి, స్పేర్ అనుకున్నా.

ఒక రంగు, రెండు రంగులు కొట్టినన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు వినాయక చవితికి ఒక యూత్ వాళ్లు 120 టీషర్టులు చెప్పారు. నలుపు కాటన్, 180 జీఎస్ఎం. ఒకటో హెడ్ మీద తెలుపు బేస్, రెండు పసుపు, మూడు ఎరుపు, నాలుగు నీలం. ఎరుపులోనే వినాయకుడి బొమ్మ చుట్టూ గీత ఉంది. ఆ గీతే కూర్చోవట్లేదు. ఒక షర్టుకి మిల్లీమీటరు ఎడమకి పోతుంది, తర్వాతి షర్టుకి కుడికి పోతుంది, ఆ తర్వాత రెండు షర్టులకి చక్కగా కుదురుతుంది. తొండం పక్కన తెల్లగీత బయటికొచ్చి దేవుడికి రెండు తొండాలున్నట్టు కనిపిస్తోంది. 60 కొడితే 17 పోయాయి. షర్టు షర్టుకీ మైక్రో, అదే స్క్రీన్‌ని కొద్దికొద్దిగా జరిపే మర, తిప్పి తిప్పి బొటనవేలు బొబ్బలెక్కింది. ఎడమకి సరిచేస్తే తర్వాతది కుడికి పోతోంది.

స్క్రీన్లు అల్యూమినియం ఫ్రేములే. మెష్, అదే ఫ్రేముకి బిగించిన జాలీ, తెలుపుకి 43టీ (సెంటీమీటరుకి 43 దారాలు), మిగతావాటికి 77టీ. షెడ్డు గచ్చు కాలవ వైపు కొంచెం వాలుగా ఉంది, మిషన్ కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టాను. పాలెట్‌కీ స్క్రీన్‌కీ మధ్య గ్యాపు కంటి అంచనాతో పెట్టిందే.

ఇంకో తొమ్మిది రోజుల్లో డెలివరీ ఇవ్వాలి. నాలుగు గేట్లూ గట్టిగా బిగించేద్దామా, లేక పాలెట్ల లెవెల్ దగ్గర మొదలుపెట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఇంకు డబ్బా

గేట్లు బిగించేయ్ బ్రో. మాకూ ఇలాగే వచ్చింది, బిగించాక సెట్ అయిపోయింది. పది నిమిషాల పని.

బెజవాడ శుభలేఖ

తమ్ముడూ, ముందు ఆ స్పానర్ కింద పెట్టు. గేట్లు ముట్టుకోకు. పైన ఆయన చెప్పింది వాళ్ల మిషన్‌కి పనిచేసి ఉంటుంది, కాదనను. నీ జబ్బు వేరే అని నా అనుమానం.

నేను 1998 నుంచి ఈ పనిలో ఉన్నా. చాలా ఏళ్లు శుభలేఖలూ విజిటింగ్ కార్డులే, టీషర్టుల మిషన్ తర్వాత వచ్చింది. అది కొన్న మొదటి ఏడాదే ఓ రాత్రి పదింటికి, రంగు జరుగుతోందన్న కోపంలో నాలుగు గేట్లూ బిగబట్టేశా. పొద్దున చూస్తే ఒక హెడ్ దిగట్లేదు, దిగిన హెడ్ లేవట్లేదు. ఏ బోల్టు ఎంత తిప్పానో గుర్తులేదు. రంగు జరగడమనే ఒక్క తప్పు కాస్తా అయిదు తప్పులయి కూర్చుంది. రెండు రోజులు పని ఆగింది. అప్పట్నుంచి, తప్పు దేన్ని పట్టుకుని తిరుగుతోందో తేలేదాకా నేను స్పానర్ తియ్యను. హెడ్‌నా, పాలెట్‌నా, షర్టునా? నువ్వు 17 పోయాయన్నావు గానీ ఏవి ఏ పాలెట్ మీద పోయాయో రాయలేదు. నాకు కావలసింది అదే.

గేటు లూజైతే ఏమవ్వాలి? ఆ పాలెట్ ఏ హెడ్ కిందికి వచ్చినా తేడా రావాలి, పసుపూ జరగాలి, నీలమూ జరగాలి. నీకు ఎరుపొక్కటే జరుగుతోంది. ఒక హెడ్ తప్పుకి నాలుగు పాలెట్ల గేట్లు బిగిస్తే, బాగున్న మూడు హెడ్లు ఇరుక్కుంటాయి.

ఇలా చెయ్యి. షర్టులొద్దు, నాలుగు ఆర్ట్ పేపర్లు తీసుకుని నాలుగు పాలెట్లకీ గమ్ముతో కదలకుండా అతికించు. పాలెట్ల మీద పెన్నుతో 1, 2, 3, 4 అని రాయి. స్క్రీన్ల మీద రంగులు కలిపి చూసుకునే క్రాస్ మార్కులకి (ప్లస్ గుర్తులకి) వేసిన టేపు తీసెయ్. మూడో హెడ్ దింపి స్క్వీజీతో, అదే ఇంకు లాగే రబ్బరు పట్టీతో, ఒక స్ట్రోకు కొట్టు. హెడ్ పూర్తిగా పైకెత్తు. పేపర్ కదపకుండా, పాలెట్ తిప్పకుండా మళ్లీ దింపి ఇంకో స్ట్రోకు. ప్లస్ గుర్తు ఒక్కటే కనబడితే ఆ హెడ్ ఎప్పుడూ ఒకే చోట కూర్చుంటున్నట్టు. రెండు ప్లస్‌లు కనబడితే దానికి ఆట ఉంది, అంటే ఎక్కడో లూజుగా ఊగుతోంది. అన్ని పాలెట్ల మీదా ఇలా చేసి, తర్వాత ఒకటో హెడ్‌తో, రెండుతో, నాలుగుతో కూడా చెయ్యి. మొత్తం పదహారు జతలు. ఇంకు కొంచెం ఖర్చవుతుంది, అయినా 17 షర్టుల కన్నా తక్కువే.

దాంతో నాలుగు సంగతులు తేలతాయి. ఒక హెడ్ అన్ని పాలెట్ల మీదా రెండు ప్లస్‌లు వేస్తే తప్పు హెడ్‌ది. ఒక పాలెట్ మీద అన్ని హెడ్లూ రెండేస్తే ఆ పాలెట్‌ది, లేదా దాని గేటుది. జత బాగానే ఉండి రంగుకీ రంగుకీ ఎప్పుడూ ఒకే వైపు ఒకే తేడా ఉంటే అది మిషన్ తప్పు కాదు, స్క్రీన్ పెట్టిన చోటు తేడా. మైక్రో ఉన్నది దానికే. కాగితం మీద అంతా బాగుండి షర్టు మీదే తప్పితే గమ్ము చూడాలి, ఫ్లాష్ (రంగుకీ రంగుకీ మధ్య ఇంకు ఆరబెట్టే హీటరు) చూడాలి. మైక్రో తిప్పితే ఎడమ కుడి అవుతోందని నువ్వు రాశావు చూడు, అక్కడే నాకు సంగతి సగం అర్థమైంది. ఆట ఉన్న హెడ్‌ని మైక్రోతో సరిచెయ్యడమంటే ఊగుతున్న ఉయ్యాలకి గురిపెట్టి రాయి విసరడమే.

హెడ్‌లో ఆట ఉందని తేలితే, ఎక్కడుందో వేలితో చూడాలి, కంటితో కాదు. హెడ్ దింపి గేటులో కూర్చోబెట్టు. మీ బావమరిది ఫ్రేము ముందు అంచుని రెండు వేళ్లతో మెల్లగా ఎడమకీ కుడికీ ఊపుతుంటాడు. నువ్వు చూపుడువేలిని అతుకు మీద అడ్డంగా ఆనించు, సగం వేలు ఈ భాగం మీద, సగం ఆ భాగం మీద ఉండేట్టు. మొదట క్లాంపుకీ ఫ్రేముకీ మధ్య. తర్వాత బేరింగుకీ గేటుకీ మధ్య. తర్వాత హెడ్ పైకీ కిందికీ తిరిగే ఇరుసు దగ్గర. కదలిక ఉన్నచోట వేలి కింద చిన్న మెట్టు లేచి పడుతున్నట్టు తెలుస్తుంది. కంటికి సులువుగా ఆనని పావు మిల్లీమీటరు కూడా వేలికి దొరుకుతుంది. 

పావు మిల్లీమీటరేగా అనుకోకు. మిషన్ నడిమధ్య షాఫ్టు నుంచి గేటు 30 సెంటీమీటర్లలో ఉండి, నీ డిజైన్ 75 సెంటీమీటర్లలో ఉందనుకో. గేటు దగ్గర 0.2 మి.మీ. ఆట డిజైన్ దగ్గరికి వచ్చేసరికి 0.5 అవుతుంది. ఇరుసు దగ్గర లూజుంటే ఇంకా ఎక్కువ. తలుపు బందు దగ్గర ఒక మేకు ఊడితే తలుపు అంచు గడపకి ఎంత రాసుకుంటుందో చూశావుగా.

ఆ మిగిలిన రెండు వాషర్ల సంగతి. వాడిన మిషన్‌లో స్పేర్ వాషర్లు ఎవరూ ఇవ్వరు తమ్ముడూ. అవి ఎక్కడివో ఫోటోల్లో వెతుకు. ముందు మూడో హెడ్ ఇరుసు ఫోటో చూడు.

ఇక లెవెల్. ఇది ఎలాగూ చెయ్యాల్సిందే, మళ్లీ బిగించిన మిషన్ కాబట్టి. రసమట్టం తెచ్చి గచ్చుకి లెవెల్ పెట్టుకుంటూ కూర్చోకు. హెడ్లూ పాలెట్లూ వాటంతట అవి తిరిగిపోకుండా మిషన్ నిలబడితే చాలు, గచ్చుతో పని తక్కువ. పాలెట్లు ఒకదానితో ఒకటి, హెడ్లు పాలెట్లతో సమంగా ఉన్నాయా అన్నదే లెక్క. చెక్కముక్కలు మాత్రం తీసెయ్, స్ట్రోకు బలానికి అవి నలుగుతాయి. ఇనప పలకలు పెట్టి కాళ్లు గచ్చుకి బోల్టు చెయ్యి.

బైకు మెకానిక్ దగ్గర టాపెట్ సెట్ చేసే ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకుల కట్ట) ఉంటుంది, ఓ పూట అడిగి తెచ్చుకో. రెండు రూపాయి బిళ్ళలు తీసుకో, ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు 3 మి.మీ. వస్తుంది. పాత బిళ్ళకీ కొత్త బిళ్ళకీ మందం తేడా ఉంటుంది కాబట్టి అన్ని చోట్లా అవే రెండూ వాడు. మెష్ లేని ఖాళీ అల్యూమినియం ఫ్రేము ఒకటి ఒకటో హెడ్‌కి బిగించు. నాలుగు పాలెట్లనీ ఒక్కొక్కటిగా దాని కిందికి తెచ్చి, నాలుగు మూలల దగ్గరా బిళ్ళలు దూర్చి, మిగిలిన సందు ఫీలర్ గేజ్‌తో కొలిచి, మొత్తం గ్యాపు నోటుబుక్‌లో రాసుకో. కదిపేది పాలెట్లే, హెడ్ కదలకూడదు. అన్నిట్లో సమంగా ఉన్న పాలెట్‌ని పెద్దమనిషిగా పెట్టుకుని మిగతా మూడింటిని దానికి కలుపు. మీ మిషన్‌లో పాలెట్ కింద లెవెల్ బోల్టులు లేకపోతే రేకు ముక్కలు పెట్టు. నేనైతే శుభలేఖల 300 జీఎస్ఎం కార్డు ముక్కలతో మొదట కొలత తేల్చుకుని, తర్వాత అంతే మందం రేకు కోయిస్తా. కార్డు అలాగే వదిలేస్తే నెలకల్లా అణిగిపోతుంది.

పాలెట్లు అయ్యాకే హెడ్లు. ఇప్పుడు ఆ పెద్దమనిషి పాలెట్‌ని ఒక్కదాన్నే పెట్టుకుని, అదే ఖాళీ ఫ్రేముని ఒక్కో హెడ్‌కీ మార్చి మార్చి బిగించి మూలలు కొలువు. ఫ్రేము మారిస్తే ఫ్రేము వంకర నీ లెక్కలోకి వచ్చేస్తుంది. పాలెట్లూ హెడ్లూ కలిపి ఒకేసారి సరిచేద్దామని కూర్చున్నవాడు తెల్లారేదాకా కూర్చుంటాడు.

గ్యాపు, అదే ఆఫ్ కాంటాక్ట్, టీషర్టుకి షర్టు తొడిగాక రెండు నుంచి మూడు మి.మీ. మధ్య పెట్టుకో. కంటి అంచనా అన్నావు కదా, నీది అయిదో ఆరో ఉండి ఉంటుంది, కొత్తలో అందరిదీ అంతే. గ్యాపు ఎక్కువైతే స్క్వీజీతో మెష్‌ని కిందిదాకా సాగదీసి కొడుతున్నట్టు. 50 సెం.మీ. వెడల్పు స్క్రీన్ నడిమధ్యన 3 మి.మీ. దింపితే మెష్ సాగేది 0.04 మి.మీ. కూడా ఉండదు, అదే 6 దింపితే 0.14 దాటుతుంది. గ్యాపు రెండింతలైతే సాగుడు నాలుగింతలు. అదీ నాలుగు హెడ్లకి నాలుగు రకాల గ్యాపులుంటే నాలుగు సైజుల బొమ్మలు. మెష్ వదులుగా ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ వృథా. వేలితో కొడితే కాచిన డప్పులా మోగాలి.

చేసి, పదహారు జతల సంగతి రాయి. అంతవరకు షర్టు ముట్టుకోకు.

పెడన బల్ల

తమ్ముడూ, నాదొక మాట. మాది పెడన, మా ఇంట్లో పొడవాటి బల్లల మీద చీరల స్క్రీన్ ప్రింటింగ్ పని. బల్ల అంచున కమ్మీ, కమ్మీ మీద స్టాపర్లు, స్క్రీన్‌ని వాటికి ఆనించి కొట్టుకుంటూ పోవడమే. మీ గేటూ బేరింగూ లాంటిదే. మా మావగారు అచ్చులతో కలంకారీ వేసేవారు. ఆయనకి స్టాపర్లు కూడా ఉండేవి కాదు, అచ్చు మూలనున్న చిన్న చుక్కని చూసుకుని పక్క అచ్చు వేసేవారు.

అన్నగారు మిషన్ సంగతి బాగా చెప్పారు. నేను ఫిల్ముల సంగతి, అంటే స్క్రీన్ మీదికి బొమ్మ ఎక్కించే పాజిటివ్‌ల సంగతి చెప్తా. నీ పాజిటివ్‌లు లేజర్ ప్రింటర్‌లో బటర్ పేపర్ మీద తీయించావా? తీయిస్తే, ప్రింటర్ లోపలి వేడికి ఆ కాగితం ముడుచుకుంటుంది. నాలుగు కాగితాలూ ఒకే తీరున ముడుచుకోవాలని లేదు. నాలుగు ఫిల్ములూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూడు. పైన రెండు మూలల్లో క్రాస్‌లు కలిసి, కింద మూలల్లో విడిపోతే, నువ్వు మిషన్‌ని ఎంత సరిచేసినా ఆ బొమ్మ కుదరదు. నేను ఒకసారి ఇలాగే మూడు స్క్రీన్లు కడిగి మళ్లీ ఎక్స్‌పోజ్ చేశాను, తప్పు కాగితంలో ఉందని నాలుగోసారి తెలిసింది.

ఇంకోటి. ఫ్రేములు ఎప్పుడైనా కర్రవి వాడితే వానాకాలంలో వాటిని నమ్మకు. వంటింటి గట్టు మీద, గ్రానైట్ బండ మీద బోర్లా పెట్టి మూలలు నొక్కు. టకటక ఆడితే అది వంకరపోయినట్టే.

ఖమ్మం టీషర్టు

అన్నా, అక్కా, ఇద్దరికీ దండాలు. నిన్న రాత్రి రెండింటిదాకా అదే పని. వరసగా రాస్తున్నా.

అక్కా, ఫిల్ములు ఇంక్‌జెట్ ఫిల్ము మీదే తీయించాను. అయినా కిటికీకి పెట్టి చూశాను, నాలుగు మూలలూ కలిశాయి.

పదహారు జతలు కొట్టాను. ఒకటి, రెండు హెడ్లు అన్ని పాలెట్ల మీదా ఒకే ప్లస్. నాలుగోది ప్లస్ కొంచెం లావుగా పడింది గానీ రెండు కాలేదు. మూడోది నాలుగు పాలెట్ల మీదా రెండు ప్లస్‌లు, మధ్య దూరం మిల్లీమీటరు పైనే. ఒక పాలెట్ మీద మూడోసారి కూడా కొట్టాను, అది ఆ రెండింటి మధ్యలో పడింది. దాన్ని చూస్తుంటే ఇన్నాళ్లూ ఎవరితో కుస్తీ పట్టానో అర్థమై నవ్వొచ్చింది.

తర్వాత వేలి పరీక్ష. క్లాంపు దగ్గర ఏమీ లేదు. గేటు దగ్గర కొద్దిగా. ఇరుసు దగ్గర వేలు ఆనించి బావని ఊపమంటే, అన్నా, మీరు చెప్పినట్టే వేలి కింద మెట్టు లేచి పడుతోంది. ఫోటోలు వెతికాను. తిరుప్పూరులో తీసిన 43 ఫోటోల్లో ఒకదాంట్లో మూడో హెడ్ ఇరుసు పక్క నుంచి కనిపిస్తోంది. పెద్దది చేసి చూస్తే రెండు వైపులా ఒక్కో వాషరు, గ్రీజు పట్టి నల్లగా ఉన్నాయి. నాకు మిగిలినవి అవే. మేకుల డబ్బా అంతా నేల మీద కుమ్మరించి వెతికితే ఒకటి దొరికింది, రెండోది మా బావ తన బండి స్టాండుకి వేసుకున్నాడు. ఊడదీయించా.

రెండూ వేసి బిగించాక మళ్లీ జత కొట్టాను. ఆట చాలా తగ్గింది, ఇంకా పావు మిల్లీమీటరు ఉంది. బేరింగు విప్పి చూస్తే బయటి రింగు ఒక వైపు నున్నగా అరిగి ఉంది. మిగతా మూడు హెడ్ల బేరింగులు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి, ఇది మాత్రం బిగుసుకుపోయింది. తిరగకుండా ఒకే వైపు గేటుకి రాసుకుని రాసుకుని అరిగిందనుకుంటా.

పాలెట్లు కొలిచాను. ఒకటి, మూడు, నాలుగు దాదాపు సమం. రెండో దాని ముందు ఎడమ మూల మాత్రం మిల్లీమీటరున్నర కిందికి ఉంది. గ్యాపు మీరన్నట్టే అయిదున్నర. కంటి లెక్క!

ఇప్పుడు బేరింగు మార్చాక గేటుతో పని ఉందా? మైక్రోలు ఎక్కడ పెట్టుకోవాలి?

బెజవాడ శుభలేఖ

మూడోసారి కొట్టి చూశావు చూడు, ఆ బుద్ధి ఉంటే నువ్వు ఈ పనిలో నిలబడతావు.

బేరింగు పాతది చేత పట్టుకుని కొట్టుకి వెళ్లు, దాని మీద నంబరుంటుంది. మా మిషన్‌లో ఉన్నది 608, అంటే లోపల 8, బయట 22, మందం 7 మి.మీ. మీది వేరే కావచ్చు. నంబరు చెరిగిపోతే కొలిపించుకో, అంచనా మీద కొనకు. నాలుగూ ఒకే కంపెనీవి ఒకేసారి మార్చు. కొత్త బేరింగు మూడో హెడ్‌కి ఒక్కదానికే వేస్తే, ఆ ఒక్క హెడ్‌కీ గేటు బిగుతుగా ఉంటుంది, మిగతావాటికి వదులుగా ఉంటుంది.

మార్చాక అప్పుడు గేట్లు. ఇప్పుడు స్పానర్ తియ్యొచ్చు. గేటు రెండు చెంపల బోల్టులూ కొంచెం వదులు చెయ్యి, హెడ్ దింపు, బేరింగుకి రెండు వైపులా న్యూస్‌పేపర్ ముక్క ఒక్కో పొర పెట్టి చెంపలు దగ్గరికి నొక్కి బిగించు. ఒక బోల్టు కొంచెం, ఇంకో బోల్టు కొంచెం, మార్చి మార్చి. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే చెంప తిరిగిపోతుంది. పేపర్ పట్టుకుని లాగితే చిరగకుండా, రాసుకుంటూ రావాలి. హెడ్ తన బరువుకే దిగి కూర్చోవాలి, చేత్తో నొక్కాల్సి వస్తే బిగుతెక్కువైనట్టు. ఒక గేటు ఒక హెడ్‌తో పెట్టాక మిగతా మూడు హెడ్లూ అందులో దింపి చూసి, అప్పుడు తర్వాతి గేటుకి వెళ్లు. గేట్లకి గ్రీజు పుయ్యకు, దానికి దుమ్మూ నూలుపోగులూ అంటుకుని ఆకురాయిలా అరగదీస్తాయి. పొడిగుడ్డతో తుడువు, చాలు.

మైక్రోలన్నీ స్క్రీన్ ఎక్కించకముందే సరిగ్గా మధ్యకి తెచ్చుకో. నువ్వు ఇన్నాళ్లూ తిప్పి తిప్పి ఓ పక్క చివరికి తెచ్చి ఉంటావు, అటు ఇంక జరగడానికి చోటుండదు. ఫిల్ము ఒకటి పాలెట్ మీద నడిమధ్య గీతకి అతికించు, ఒక్కో స్క్రీన్ దింపి క్రాస్‌లు ఫిల్ము మీది క్రాస్‌లకి చేత్తో కలిపి క్లాంపు బిగించు. మైక్రో వెంట్రుకవాసి తేడాకే. క్లాంపు బిగించేటప్పుడు ఫ్రేము తప్పకుండా కాస్త జరుగుతుంది, అది చూసుకుని మళ్లీ కలపాలి. ఫిల్ముతో కలిపిందే ఆఖరు అనుకోకు, ఒక పాత గుడ్డ మీద కొట్టి చూసి మైక్రోకి తాళం వెయ్యి. తాళం వేసేటప్పుడు కూడా కొంచెం జరుగుతుంది, ఈ మైక్రోలు అంతే.

ఇంకొక్కటి. తెలుపు బేస్ తర్వాత ఫ్లాష్ పెడతావు కదా. పాలెట్లు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితే మొదటి పదీ పన్నెండు షర్టులు ఒకలా, తర్వాతవి ఒకలా వస్తాయి. కాటన్‌లో తేమ ఎగిరిపోయి బట్ట ముడుచుకుంటుంది, పాలెట్ వేడిని బట్టి ఎంత ముడుచుకుంటుందో మారుతూ ఉంటుంది. షర్టు ఎక్కించకముందే పాలెట్లని ఫ్లాష్ కింద రెండు మూడు చుట్లు తిప్పి గోరువెచ్చగా చేసుకో. ఫ్లాష్ సమయం వేలికి ఇంకు అంటనంతవరకే, పూర్తిగా ఉడికించనక్కర్లేదు. గమ్ము పలచబడితే వెంటనే మళ్లీ పుయ్యి. షర్టు అంచు లేస్తోందంటే లోపల బట్ట కూడా జరిగినట్టే.

ఇంకు డబ్బా

నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. మాది ఒక పాలెట్ మీదే వచ్చేది, ఇప్పుడు గుర్తొచ్చింది. నా మిషన్ కాళ్ల కింద కూడా చెక్కలే ఉన్నాయి, తీస్తా.

ఖమ్మం టీషర్టు

పని అయిపోయింది అన్నా. బేరింగులు నాలుగూ మార్చాను. గేట్లు పేపర్‌తో పెట్టడానికి ఒక పూట పట్టింది. రెండో పాలెట్ మూల కింద రేకు ముక్క వేశాం. గ్యాపు రెండున్నర. జత కొడితే నాలుగు హెడ్లకీ ఒకే ప్లస్. నాలుగో హెడ్ లావు ప్లస్ కూడా సన్నబడింది, అది కూడా బేరింగేనన్నమాట.

మిగిలిన 60తో పాటు పోయిన 17 కూడా కొత్తగా కొనుక్కొచ్చి కొట్టాను. 77లో రెండు పోయాయి, రెండూ నేను మధ్యలో ఫోన్ మాట్లాడుతూ ఫ్లాష్ కింద మర్చిపోయినవి. మైక్రో ఒక్కసారే తిప్పాను, పొద్దున మొదటి షర్టుకి. డెలివరీ చవితికి రెండు రోజుల ముందు ఇచ్చాం.

పాడైన పాత 17లో తొమ్మిది షెడ్డులో ఇంకు తుడవడానికి పనికొస్తున్నాయి. ఒకటి మా బావ వేసుకుని నిమజ్జనానికి వెళ్లాడు. అక్కడ ఒక కుర్రాడు వచ్చి, "అన్నా, మీది త్రీడీ డిజైనా, మాకు మామూలుది ఇచ్చారేంటి?" అని గొడవ పెట్టుకున్నాడట.

బెజవాడ శుభలేఖ

మీ బావ బండి స్టాండుకి కొత్త వాషరు కొనిపెట్టు, బాకీ ఉంచకు. నోటుబుక్‌లో ఆ పదహారు కొలతలూ తేదీ వేసి దాచు. దసరాకి మళ్లీ ఆర్డర్లు మొదలవుతాయి, ఈలోపు ఒకసారి కొలిచి చూస్తే ఏ మూల దిగిందో తెలుస్తుంది.